ఆరుగురు మామ్మల్ని మోసిన చొక్కా

వాడి అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు, అందరికీ ఫిరంగే. నోరు తెరిస్తే మోతే కదా మరి! అలాంటివాణ్ణి కాలేజీవాళ్ళు సేవాయాత్ర అని ఇరవై రోజులు పరాయి దేశం తీసుకెళ్ళి, ఒక వృద్ధాశ్రమంలో పనిచేయించి తెచ్చారు. ఇంకేముంది! వచ్చి రెణ్ణెల్లయినా అక్కడ ఇచ్చిన నీలం చొక్కా వాడి ఒంటి మీంచి దిగలేదు, ఆ గొప్పలు నోట్లోంచి దిగలేదు.

ఈసారి యాత్రకి వాడి చెల్లెలు ఎంపికైంది. నాన్న సంతకం పెట్టిన ఫారం సాయంత్రం ఐదింటికల్లా ఆఫీసులో ఇవ్వాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరిది. నాన్న దర్జీ. కొట్లో కత్తెర పక్కనే ఫారం పెట్టుకుని, పెన్ను మూత కూడా తీసి, "అన్నయ్య వెళ్ళొచ్చాడుగా, వాడొకసారి చెప్పనీ, విని పెడతాను" అన్నాడు.

చెల్లెలు అన్నయ్యని పక్కకి లాక్కెళ్ళింది. "మంచి చోటు, మంచి మనుషులు అని చెప్పు చాలు. నీకు పుణ్యముంటుంది."

"నాకొదిలెయ్యవే" అన్నాడు ఫిరంగి. వాడికి వదిలేయడమే ఆ పిల్ల చేసిన పొరపాటు.

నాలుగైంది. పక్క కొట్టు టీ బాబాయ్ గ్లాసులు పట్టుకొచ్చాడు. ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వచ్చిన మాస్టారు బల్ల మీద కూర్చున్నాడు. వినేవాళ్ళు ముగ్గురు దొరికేసరికి ఫిరంగి గొంతు సవరించుకున్నాడు.

"పెద్ద గొప్పేం కాదు నాన్నా, ఒక కుళాయి బాగుచేశానంతే. ఆశ్రమం వంటగదిలో కుళాయి కారుతోంది. పాపం, ఎవరికీ చేతకావడంలేదు. నేను రెంచీ పట్టుకుని ఇలా ఒక్క తిప్పు తిప్పాను..."

"ఆగిపోయిందా?" అన్నాడు టీ బాబాయ్.

"ఆగడమా! మన చేతి బలం వాళ్ళ కుళాయి ఏం తట్టుకుంటుంది బాబాయ్! గొట్టం ఊడింది. నీళ్ళు ఇంత ఎత్తున లేచాయి. చూస్తుండగానే మోకాళ్ళ దాకా, నడుం దాకా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచాలు తేలాయి! ఒక్కో మంచం మీద ఒక్కో మామ్మ, ఒకావిడైతే స్వెట్టరు అల్లుకుంటూనే తేలుతోంది. నేను ఈదుకుంటూ వెళ్ళి, భయపడకండి, నేనున్నానని చెప్పాను."

"ఏ భాషలో చెప్పావోయ్?" అన్నాడు మాస్టారు.

"వాళ్ళ భాషలోనే మాస్టారూ! నాలుగు రోజుల్లో పట్టేశాను. ఐదో రోజు నుంచి వాళ్ళ తప్పులే దిద్దేవాణ్ణి."

టీ బాబాయ్ పగలబడి నవ్వాడు. నాన్న నవ్వలేదు. "గదిలో అంత నీళ్ళా?" అని ఫారాన్ని కత్తెర పక్కనుంచి తీసి అవతల గుడ్డ కింద పెట్టాడు. ఇక ఆపమని చెల్లెలు అన్నయ్యకి కళ్ళతో సైగ చేసింది. ఇంకాస్త గట్టిగా చెప్పమంటోంది కాబోలనుకున్నాడు వాడు.

"నీళ్ళదేముంది నాన్నా! అసలు ప్రమాదం గోడది. నానిపోయి ఇలా ఒరిగింది. వీపు ఆనించి మూడు గంటలు నిలబెట్టాను. అన్నం కూడా అలాగే నిలబడే తిన్నాను, పెరుగు కావాలా అనడిగితే వద్దన్నాను, ఎందుకంటే నవ్వితే గోడ కదులుతుంది."

"పెరుగుకి నవ్వెందుకొస్తుందిరా?"

"అదంతా తర్వాత చెబుతాగా బాబాయ్! ఇంతలో సుడిగాలి! కప్పు లేచిపోయింది. ఎగిరి పట్టుకున్నా. కుడి భుజం మీద కప్పు, ఎడమ భుజం మీద ఆరుగురు మామ్మలు, మంచాలతో సహా! అలా నాలుగు కిలోమీటర్లు. హెలికాప్టర్ వచ్చి తాడు వేసింది. నేను పట్టుకోగానే ఏమైందో తెలుసా? నేను పైకి లేవలేదు, హెలికాప్టరే కిందికి దిగింది!"

నాన్న పెన్నుకి మూత పెట్టేశాడు. గుడ్డ కింది ఫారం తీసి, నాలుగు మడతలు పెట్టి, సొరుగులో పడేసి మూసేశాడు.

"గొట్టాలు పగిలి, గోడలు కూలి, కప్పులు ఎగిరే చోటికా నా పిల్లని పంపేది! దేవుడి దయవల్ల వీడు ప్రాణాలతో వచ్చాడు, అది చాలు."

"అయ్యో నాన్నా, అందులో సగం..." అని నసిగాడు ఫిరంగి. అబద్ధమని ఒప్పుకోడానికి నోరు రాలేదు. నాలుగున్నరైంది. చెల్లెలికి ఏడుపు ముంచుకొచ్చింది. ఎంత ఆశపడింది! వీడి నోటికి తాళం వేయడం ఎవరి తరం? అప్పుడు ఆ పిల్ల కళ్ళు అన్నయ్య చొక్కా మీద పడ్డాయి. కుట్టడానికి వచ్చిన పాత బట్ట చూసి మనిషి పనేంటో చెప్పేస్తాడు నాన్న. చేతులు అరిగితే గుమాస్తా, వీపు అరిగితే డ్రైవరు. ఇంతవరకూ తప్పింది లేదు.

"సరే నాన్నా, పంపకు. కానీ అన్నయ్య చొక్కా ఒక్కసారి చూడు. ఇరవై రోజులూ అదే తొడిగాడు."

ఫిరంగి గుమ్మం వైపు జరిగాడు. టీ బాబాయ్ అడ్డంగా నిలబడ్డాడు.

నాన్న కళ్ళజోడు సర్దుకుని, కొడుకు భుజం మీద వేలితో తడిమాడు. "ఇది కప్పు మోసిన భుజం. ఊఁ. కుట్టు కొత్తగా ఉంది. ఇది ఆరుగురు మామ్మలు కూర్చున్నది. నలగనైనా లేదే!" వెనక్కి తిప్పాడు. "మూడు గంటలు గోడని ఆపిన వీపు కూడా నిగనిగలాడుతోంది." మళ్ళీ ముందుకి తిప్పాడు. పొట్ట దగ్గర ఒకటే అడ్డగీతగా నీలం వెలిసిపోయింది. చేతులకి మోచేతి పైన చెరగని మడత.

"సింకు అంచుకి ఆనుకున్న పొట్టరా ఇది. ఎన్ని రోజులు గిన్నెలు తోమావు?"

"ఇరవై" అన్నాడు ఫిరంగి నేల చూస్తూ.

"ఎన్నేసి?"

"నలభై పళ్ళాలు నాన్నా. పూటకి."

"మరి కుళాయి?"

"కారింది నిజం. ప్లంబరు వచ్చాడు. నేను టార్చి పట్టుకున్నాను."

మాస్టారు కడుపు పట్టుకుని నవ్వుతుంటే నాన్న మాత్రం మూడో గుండీ దగ్గర ఆగిపోయాడు. అది నీలం కాదు, గోధుమ రంగు. దారం ఎడాపెడా తిరిగింది.

"ఇదెవరు కుట్టారు? చూపు ఆనని చెయ్యి. అయినా ఎంత గట్టిగా కుట్టింది!"

"మామ్మ ఒకావిడ. నేను తోముతుంటే పక్కన నిలబడి తుడిచేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా రోజంతా మాట్లాడుకునేవాళ్ళం. వచ్చేరోజు గుండీ ఊడితే తన కోటుది తీసి కుట్టింది." వాడి గొంతు మొదటిసారి చిన్నదైంది. "ఎంతసేపైనా దారం తెంపకుండా కుడుతూనే ఉంది నాన్నా. నన్ను పంపడం ఇష్టంలేక."

నాన్న ఆ గుండీని నిమిరి, సొరుగు లాగి, మడతలు విప్పి, గీతలు పడ్డ ఫారం మీద సంతకం గీకేశాడు.

"ఇంట్లో తిన్న కంచం తియ్యనివాడితో ఇరవై రోజులు గిన్నెలు తోమించి, పైగా ప్రేమగా పంపారంటే వాళ్ళు మామూలు మనుషులు కాదు. వెళ్ళిరా తల్లీ!"

చెల్లెలు నాన్న మెడ చుట్టూ చేతులు వేసి, ఫారం లాక్కుని పరుగు అందుకుంది. సరిగ్గా అప్పుడే కొట్టు వెనకనున్న ఇంట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"అన్నీ విన్నానురా! మధ్యాహ్నం గిన్నెలు సింకులోనే ఉన్నాయి, రా!"

ఫిరంగి కిక్కురుమనకుండా చేతులు పైకి మడుచుకున్నాడు, సరిగ్గా ఆ పాత మడత మీదికే. చెల్లెలు వీధి మలుపు తిరుగుతుండగా గిన్నెల చప్పుడు, దాని మీదుగా అన్నయ్య గొంతు వినిపించాయి.

"నాన్న నమ్మడని నలభై అన్నానమ్మా. నిజానికి నాలుగొందలు! ఒంటి చేత్తో!"