చెప్పమన్నరు, చెప్తున్న

అది 1952 వానకాలం. అడవి అంచున ఉన్న ఊళ్లో, సాలెల వాడలో, పొద్దు వాలుతున్న వేళ రాజక్క వాకిట్లో చాటింపు ఇస్తారి నిలబడి ఉన్నాడు. చంకలో డప్పు, తడికి నాని మెత్తబడింది. ఊళ్లో ఎవరి మాటైనా నలుగురి చెవిన పడేది అతని నోటి మీదుగానే. నీ మాటేమిటని మాత్రం ఇప్పటిదాకా అతన్ని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"జర నిప్పియ్యి రాజక్కా. డప్పు కాపుకోవాలె."

"ఏం చాటుతవ్?"

"ముందుగాల నిప్పియ్యి. వానకు తోలు నానింది, సప్పుడు లేస్తలేదు."

"ఏం చాటుతవని అడుగుతున్న."

"నీకెర్కనే గదా."

"నాకెర్కనే. నీ నోటెంట ఇనాలె."

"నీకు... అంటె, మీ ఇంటికి... ఎవ్వలు నిప్పియ్యద్దు, నీళ్లియ్యద్దు, పలకరియ్యద్దు అని. పటేల్ చెప్పమన్నడు, చెప్తున్న."

"నాకు నిప్పియ్యద్దని చాటెతందుకు నిప్పు నన్నే అడుగుతున్నవా ఇస్తారీ?"

"ముందుగాల నీ ఇంటి ముంగటనే కొట్టాలె, అది కట్టుబాటు. పక్కిండ్లల్ల అడిగిన. ఎవ్వలు తలుపు తీస్తలేరు."

"అగో. నువ్వు చాటకముందే ఇన్నరన్నట్టు. ఇగ డప్పెందుకు?"

"అక్కా, నీ కాల్మొక్త. ఒక్క మాటను. తప్పైంది, నోరు జారిన అను. చావడి కాడికి ఉరికిపోయి నేనే చెప్త. డప్పు ఈన్నే పడేస్త."

"ఏం తప్పైంది?"

"నిన్న పంచాయితీల అన్నది."

"ఏమన్న? నువ్వే జెప్పు. ఊరి మాటలన్ని నీ నోట్లనే ఉంటయ్ గదా."

"రహమాన్ రజాకారు గాదన్నవ్."

"మరి అయిండా? ఆయినె చేతుల తుపాకి చూసినవా నువ్వు?"

"నేను చూసినన్నా, చూడలేదన్నా..."

"తక్కెడ తప్ప ఇంకేమన్న చూసినవా ఆయినె చేతుల?"

"నన్నెందుకు అడుగుతవక్కా. ఊరంత ఉన్నది. నువ్వొక్కదానివే లేచినవ్."

"ఊరంత కూసున్నది గనుకనే లేచిన. నూలు అమ్ముకునేటోడు, ఉప్పు అమ్ముకునేటోడు, ఇయ్యాల జమ్మికుంట మార్కెట్ల పత్తి మూటలు మోస్తుండట. ఊరికి వస్తం, దుకాణం పెట్టుకుంటమని మనిషిని తోలిండు. రావద్దనిరి. ఎందుకు రావద్దు? రజాకారట. రజాకార్లకు గడీల యాటలు కోసి తినవెట్టింది ఎవలు?"

"మెల్లగ, అక్కా."

"గా విందుకు ఇంటింటికి తిరిగి కోళ్లు పట్కపోయింది ఎవలు? నా ఇంట్లకెళ్లి రెండు పట్కపోయినవ్."

"పటేల్ తెమ్మన్నడు, తెచ్చిన."

"గదే. చెప్పమన్నరు చెప్తున్న. తెమ్మన్నరు తెచ్చిన. నీ నోరు నీది గాదు, నీ చెయ్యి నీది గాదు. మరి తిట్లెవలు పడాలె, నీ డప్పా?"

"నువ్వు గా రేకుల ముచ్చట తియ్యకుండుంటె గింత దూరం రాకపోవు."

"ఎందుకు తియ్యద్దు? గడీ పశుల కొట్టం మీద రహమాన్ దుకాణం రేకులున్నయ్. నీలం రంగు ఇంక పోలే. పొద్దుగాల లేస్తె ఊరంత చూస్తది. ఊరంత పక్కకు చూస్తది. ఆయినె వస్తె రేకులు విప్పియ్యాలె, గందుకే రజాకారంటున్నరన్న. గంతే గదా."

"గంతేనా? గా మాటకు పటేల్ ముఖం చూసినవా? ఎర్రగైంది."

"చూసిన. నీ ముఖం గూడ చూసిన."

"నా ముఖంల ఏమున్నది?"

"ఏం లేదు. మొన్న ఓట్లప్పుడు గిదే వాడల ఏమని చాటితివి? ఎవ్వలకు భయపడకుర్రి, ఎవ్వల మాట ఇనకుర్రి, మీ మనసుల ఉన్నది పెట్టెల ఎయ్యుర్రి అంటివి. నేను నమ్మిన."

"అది సర్కారు చెప్పమన్నది అక్కా. నా మాట గాదు."

"మరి నీ మాట ఎప్పుడు చాటుతవ్? సచ్చినంకనా?"

"ఎవల్లా బయట? ఎవల్తోటి గీ లొల్లి? లోపట మనిషి పాణం మీదికొచ్చింది, మీకు ముచ్చట్లు కావలసొచ్చినయా?"

"సమ్మవ్వ గొంతు. రాజక్కా, నా పెండ్లాం ఈడున్నదా?"

"ఈడగాక యాడుంటది? నా కోడలు బాలలక్ష్మికి పొద్దుగాల సంది నొప్పులొస్తున్నయ్. మంత్రసానిని గాక ఎవల్ని పిలవాలె? కొడుకు షోలాపురం మిల్లుల ఉండె."

"సమ్మవ్వా, బయటికి రా. ఇంటికి నడువు."

"ఎవలు, నువ్వా? నడువు అంటవేంది? బిడ్డ అడ్డం తిరిగి ఉన్నది. నేను చెయ్యి తీస్తె తల్లీ పోతది, పిల్లా పోతది."

"చాటింపు ఉన్నదే. చాటినంక ఈ గడపల ఉన్నోళ్లందరికి బందే. నీకు గూడ."

"చాటేది ఎవలు?"

"నేనే."

"నీ పెండ్లాన్ని నువ్వే బందు పెడ్తవా?"

"నేను గాదే, పటేల్..."

"నీ నోట్ల మన్నువడ. పటేల్ పుట్టినప్పుడు బొడ్డు కోసింది మా అవ్వ. గప్పుడే ఇంకింత పైకి కొయ్యకపాయె."

"సమ్మవ్వా. ఇంటరు."

"ఇననీ. నీళ్లు తే రాజక్కా, బిందె ఒట్టిగైంది. కాగవెట్టాలె."

"బాయి కాడికి పోయి వచ్చిన సమ్మవ్వా. చేద తీసి దాచిండ్రు. నలుగురు ఆడోళ్లు నిలవడి నన్ను చూసి ముఖం తిప్పుకున్నరు. చిన్నప్పటి సంది నాతోటి దారం చుట్టినోళ్లు."

"నేను పోయి తోడుదామంటె బాయి మైలవడతదంటరు. నువ్వు బందైతివి, నేను ఎప్పటికి బందే. మరి ఈ పిల్ల కాన్పెట్ల గావాలె?"

"అగో, నా పెండ్లాం అన్నది ఇన్నవా అక్కా? నువ్వు న్యాయం న్యాయమంటవ్. ఇది కాన్పుకైతె నీ లోపటి అర్రలకు రావచ్చు. పురుడైనంక గదే మనిషి గడప తొక్కద్దు. మాకు నీళ్లు ఎన్నడు బందు గాలే? మాకు బందు పెట్టెతందుకు ఎవ్వలు డప్పు గూడ కొట్టలే, గంత అగ్గువ మా బతుకు. ఎన్నడన్న లేచినవా పంచాయితీల? మా తరఫున ఒక్క మాటన్నవా?"

"అనలే."

"ఎందుకనలే?"

"బుగులైంది. నలుగురు ఏమంటరోనని. అట్ల అనాలని తోచనే లేదు, అదొకటి. నువ్వన్నది నిజమే ఇస్తారీ, నన్ను తిట్టు. కని నిన్న అన్న మాట గూడ వాపసు తీసుకోమంటె తీసుకోను. ఇగ ఆ నోరు మల్ల ముయ్యస్తలేదు నాకు."

"రేకులొక్కటే గాదక్కా. నాలుగేండ్ల కింద మిలిట్రీ దిగిన దినం రహమానోళ్లను తప్పించింది నువ్వేనని నిన్న నీ ముఖం మీదనే అనిరి గదా. కట్టెలు, గుతపలు పట్టుకొని మంది ఆయినె ఇంటి మీదికి పోతుండె గదా..."

"పోతుండె. గప్పుడే నువ్వు డప్పు కొట్టినవ్. పులి వచ్చింది, వాగు కాడ ఉన్నది, ఇండ్లళ్లకు ఉరుకుర్రి అని."

"అవ్. ఊరంత తలుపులేసుకునె. గా సందుల నువ్వు వాళ్లను వాగు దాటించినవట. పొద్దుగాల చూస్తె ఇల్లు ఒట్టిగుండె. గందుకే మంది కోపానికి దుకాణం పీకిరి."

"పీకిరి. నువ్వు గూడ పోతివి. నీ ఇంటి తలుపు రహమాన్ దుకాణం చెక్కనే గదా."

"అందరు ఎత్కపోతుంటె నేనొక్కన్ని ఊకుంటె..."

"ఊకుంటె?"

"ఏం లేదు."

"పులిని ఎవలు చూసిండ్రు ఇస్తారీ?"

"నేనే. నేనే చూసిన."

"యాడ?"

"వాగు కాడ."

"పోయినేడు గుట్ట కింద అంటివి."

"పులి ఒక్కకాడ కూసుంటదా? తిరుగుతది."

"ఎంతుండె?"

"పెద్దగుండె. ఇప్పుడు పులి ముచ్చటెందుకు?"

"ఎందుకుండది? ఆ పులి ఊరిని తినకుండ పోయిందని ఏటేటా వాగు కాడ రాయికి బొట్టు వెట్టి యాటను కోస్తున్నరు. తలకాయ మీ ఇంటికే వస్తది."

"లోపటికి ఇనవడ్తనే ఉన్నది రాజక్కా. వస్తె తింటం. గా పులే రాకపోతె మా ఇంట్ల ఏడాదికొక్క పూటన్న ముక్క ఉడుకుతదా? ఓ మనిషీ, ఇంక ఆన్నే ఉన్నవా? నువ్వు డప్పన్న కొట్టు, లేకుంటె యాడన్న పోయి నీళ్లన్న తే. పిల్ల కండ్లు తేలేస్తుంది."

"రాజక్కా, పొద్దు వాలింది. సప్పుడు ఇనవడకపోతె పటేల్ మనిషిని తోల్తడు. నా వల్ల గాదు. నాకు ఏడాదికి ఇచ్చే గింజలు బందైతయ్, గుడిసె పీకుతరు. ఒక్క మాట, అక్కా. తప్పైంది అను. బాలలక్ష్మి కోసమన్న అను. నీళ్లొస్తయ్."

"బాలలక్ష్మి కోసం అనబోయిన. పొద్దుగాల చావడి దాంక పోయిన గూడ."

"మరి?"

"నోరు తెరిచిన. రాలే. రహమాన్ చెడ్డోడు అనాలె గదా, నోరు తిరగలే. పటేల్ నవ్విండు. మల్ల వచ్చిన. ఈ పిల్లకేమన్న అయితె నేను ఏ బాయిల పడాలె చెప్పు? కని అబద్ధమాడి తెచ్చిన నీళ్లతోటి పుట్టిన పోరనికి ఏం పేరు పెట్టాలె?"

"నీకు కోపం ఎక్కువ అక్కా."

"నీకు తక్కువ. అదే తేడా. ఇగో, పట్టు."

"ఏంది?"

"నిప్పు. పెంకల పోసుకొచ్చిన. కాపుకో డప్పు. నా పొయ్యిల నిప్పు నేనిస్తున్న, ఇంక బందు గాలే గదా."

"నాకద్దు."

"తీస్కో. నీ పని నువ్వు చెయ్యి. ఒక్కటే అడుగుత. రహమాన్ రజాకారని చాటకు. రజాకారు గాదని రాజక్క అన్నది, గందుకు బందు అని చాటు. నా మాట నా పేరు మీదనే పోనీ."

"ఇంత ఇచ్చినంక నా గొంతు ఎట్ల లేస్తది?"

"లేవాలె. ఎండిందా తోలు? కొట్టి చూడు."

"రాజక్కా."

"ఏంది?"

"గా దినం నువ్వు తలుపేసుకొని ఇంట్ల లేవు."

"ఇంట్లనే ఉన్న. పులి బుగులుకు ఊరంత ఇంట్లనే ఉన్నది."

"లేవు. వాగు ఒడ్డున ఉతికిన నూలు ఎండేసుకుంటున్నవ్. నేను చూడలేదనుకున్నవ్. నువ్వు నన్ను చూసినవ్."

"చూసిన. నడుం లోతు నీళ్లల్ల నువ్వు. మెడ మీద రహమాన్ బిడ్డ బిల్కీస్. ఎనుక ఆయినె పెండ్లాం రషీదా నీ డప్పు పట్టుకొని నడుస్తుండె."

"నాలుగేండ్ల సంది ఎవ్వలకు చెప్పలే."

"అది నీ ముచ్చట. నీ ముచ్చట నేనెందుకు చెప్త?"

"నిన్న ఆ తప్పు నీ మీద పెడుతుంటె గూడ చెప్పలే. నేను ఆన్నే ఉన్న. చంకల డప్పు వెట్టుకొని ఆన్నే ఉన్న."

"ఉన్నవ్. నీ దిక్కు చూసిన. నువ్వు నేల చూస్తున్నవ్. కోపమొచ్చింది ఇస్తారీ, అబద్ధమెందుకు. నీ మీద వచ్చినంత కోపం పటేల్ మీద గూడ రాలే."

"నాలుగేండ్ల సంది ఆ యాట కూర తింటున్న. గొంతు దిగదు. దిగకపోతె సమ్మవ్వ ఎందుకంటది. మింగుత."

"బిడ్డ కాళ్లు అందుతున్నయ్. రాజక్కా, నీళ్లు. ఎవలన్న ఇంత నీళ్లు తెండ్రి, మీకు దండం పెడ్త."

"అక్కా, డప్పు ఇంటె తలుపులు తెరుస్తరా వాడల?"

"తెరుస్తరు. నా బందు చూడెతందుకన్న తెరుస్తరు."

"అయితె జర పక్కకు జరుగు."

"ఏం చాటుతవ్?"

"పటేల్ చెప్పింది మర్చిపోయిన."

డప్పు కాగి కణకణమంటూ మోగింది. సాలెల వాడలో తలుపులు ముందు సందుగా, తర్వాత బార్లా తెరుచుకున్నాయి. మగ్గాలు ఆపి జనం గడపల్లోకి వచ్చారు. చావడి అరుగు మీద పటేల్ కూడా చెవి ఒగ్గే ఉంటాడు. ఇస్తారి ఎప్పటిలాగే గొంతు సవరించుకున్నాడు.

"ఇనుర్రి, ఇనుర్రో. పటేల్ చెప్పమన్నది గాదు, సర్కారు చెప్పమన్నది గాదు. ఎవ్వలు చెప్పమనలే, ఇస్తారే చెప్తుండు. సాలె రాజక్క కోడలు కాన్పు కష్టమైంది, బిందెడు నీళ్లు తెచ్చేటోళ్లు తెండ్రి. రహమానోళ్లను వాగు దాటించింది రాజక్క గాదు, నేను. ఇంకో మాట, చెవులు పెట్టి ఇనుర్రి. గా దినం పులి రాలే."