పది తూటాల బిల్లు

శాసనసభ వరండాలో బెంచీ మీద అక్కాతమ్ముళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. తుపాకీ మ్యాగజీన్‌లో పది తూటాలకు మించి పట్టకూడదనే బిల్లు మీద ఇద్దరూ పౌరులుగా సభా కమిటీ ముందు మాట్లాడాలి. ఆమె కావాలని, అతను వద్దని.

"ఆ కాలు ఊపడం ఆపరా లోవెల్, బెంచీ అంతా కదులుతోంది."

"నువ్వెందుకొచ్చావక్కా? మీ టీచర్లలో ఇంకెవరూ దొరకలేదా?"

"నువ్వెందుకొచ్చావో ముందు చెప్పు."

"పొలంలో ఉన్న మా ఇంటికి పోలీసులు రావాలంటే నలభై నిమిషాలు. ముగ్గురు దొంగలు తలుపు బద్దలుకొడితే, పది తూటాలూ అయిపోయాక ఏం చెయ్యను? కాఫీ ఇచ్చి కూర్చోబెట్టనా?"

"మ్యాగజీన్ మార్చుకుంటావు. రెండు సెకన్ల పనేనని నువ్వే అంటావుగా."

"నేననేదీ అదే! రెండు సెకన్ల పనికి చట్టం దేనికి?"

ఆమె చేతిలోని కాగితాన్ని మడిచింది, మళ్లీ విప్పింది.

"ఆ రోజు మా బడిలో పిల్లల మీద కాల్పులు జరిపినవాడూ మ్యాగజీన్ మార్చబోయాడు. కంగారులో కింద పడేసుకున్నాడు. వాడు వంగి వెతుక్కునేలోపు పిల్లల్ని కిటికీలోంచి బయటికి తోసేశాను. తొమ్మిదిమందిని."

"ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం?"

"పదో పిల్ల గురించి కూడా చెప్పాల్సి వస్తుందని."

ఇంతలో తలుపు తెరుచుకుని ఎవరో లోవెల్ పేరు పిలిచారు.

"అక్కా, నలభై నిమిషాలన్నది అబద్ధం కాదే."

"అబద్ధమని నేనన్నానా? వెళ్లి చెప్పు. లోపలికి నేనూ వస్తా."

మైకు ముందు నిలబడగానే, బిల్లుకు అనుకూలమా, వ్యతిరేకమా అని అడిగారు.

"వ్యతిరేకం" అన్నాడు. అక్క మొదటి వరసలోనే కూర్చుంది. ఆ వైపు మాత్రం తల తిప్పలేకపోయాడు.