ఎడమ చక్రం రాపిడి

(మెకానిక్కు షెడ్డు. పాత రెండు సీట్ల స్పోర్ట్సు కారు ఇప్పుడే వచ్చి ఆగింది. నడుపుకుంటూ వచ్చినావిడ మెకానిక్కుకి వదిన.)

"...అదే చప్పుడు మరిదీ. జర్ర్, జర్ర్ అని. మలుపు తిరిగినప్పుడల్లా."

"మెల్లిగా తిరిగావా, గట్టిగా తిరిగావా?"

"మెల్లిగానే."

"వదినా."

"ఒక మోస్తరుగా."

"వదినా, నా మొహం చూసి చెప్పు."

"గాలికి జుట్టు ముడి ఊడిపోయింది. అంతే. అయినా ఇప్పుడు సంగతి అది కాదు. వెనక చక్రాలు బయటికి జరిపితే బండి నేలని పట్టుకుంటుందా అంటే అవునన్నావు. పట్టుకుంది. బల్లి గోడని పట్టుకున్నట్టు పట్టుకుంది, కాదనను. మరి ఈ చప్పుడేంటి?"

"టైరు మడ్‌గార్డుకి రాసుకుంటోంది. ఆ రోజే చెప్పానా లేదా? ఇరుసు చివరి హబ్బుకీ చక్రానికీ మధ్య ఇంత మందం బిళ్ళ పెట్టి చక్రాన్ని బయటికి తోశాం. ఇప్పుడది మడ్‌గార్డు అంచుకి వేలెడు దూరంలో ఉంది. బండి కుంగితే ఆ అంచు వచ్చి టైరు మీద కూర్చుంటుంది. అందుకే నీ బరువెంతో అడిగి, అంత ఇసక బస్తాల్లో పోసి సీట్లో పెట్టి, అంచు ఎంత మడవాలో అంత మడిచాను."

"అయితే సరిగ్గా మడవలేదు."

"నువ్వు సరిగ్గా చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

"యాభై రెండు కిలోలన్నావు."

"అన్నాను."

"ఎప్పటి మాట అది?"

"పెళ్ళప్పటిది. మీ అన్నయ్యకి అదే చెప్పా, ఆయన పోయేదాకా అదే మాట మీదున్నా. ఆయనకొక లెక్క, నీకొక లెక్క చెబితే ఏం బాగుంటుంది?"

"వదినా, ఇది స్ప్రింగు. దీనికి మొహమాటం తెలీదు."

"అరవై."

"ఊఁ."

"ఊఁ ఏంటి ఊఁ. అరవై ఆరు. చెప్పులు లేకుండా. ఎవరితోనైనా అన్నావో, ఈ షెడ్డుకి నేనే తాళం వేస్తా."

"అనను. ఇటు రా. ఇదిగో, కుడి చక్రం. నువ్వు కూర్చునేది ఈ పక్క. ఎక్కడైనా గీత పడిందా చూడు."

"ఎక్కడా లేదే."

"ఉండదు. నువ్వు యాభై రెండన్నప్పుడే నేను డెబ్భై పెట్టి మడిచాను."

"మరి ఇందాకట్నుంచీ నా చేత ఎందుకు కక్కించావు?"

"ఊరికే. ఎన్నాళ్ళ నుంచో తెలుసుకోవాలని ఉంది."

"మీ అన్నయ్య నయం. ఆయన అడిగేవాడు కాదు."

"సరే, ఇప్పుడు ఎడమ పక్కకి రా. వంగి చూడు. టైరు బయటి అంచు ఎలా నున్నగా మెరుస్తోందో. లోపల మడ్‌గార్డు రంగంతా గీరేసింది. కుడి పక్క నువ్వు కూర్చుంటే ఎడమ పక్క ఎందుకు కుంగింది?"

"కుడి చేతి మలుపులు ఎక్కువ ఆ పందెం కొండ మీద. కుడికి తిరిగితే బరువు ఎడమకి పోతుందని నువ్వే కదా చెప్పావు."

"చెప్పాను. ఎక్కేటప్పుడు కుడి మలుపు, దిగేటప్పుడు ఎడమ మలుపవుతుంది. ఆ లెక్కన రెండు పక్కలా రాసుకోవాలి."

"దిగేటప్పుడు మెల్లిగా దిగా."

"నువ్వు."

"నేనే."

"మెల్లిగా."

"సరేలే, వదిలెయ్. ఇంకాస్త అంచు మడిచెయ్యి, వెళ్ళిపోతా."

"పక్క సీట్లో ఏం పెట్టావు?"

"ఏం లేదు."

"వదినా."

"కూరగాయలు."

"తెల్లారకుండా కొండ మీదకి కూరగాయలేసుకుని ఎక్కావా?"

"ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. దారిలో అమ్ముతుంటే కొన్నా. గుమ్మడికాయ."

"ఎన్ని?"

"ఒకటే. పెద్దది."

"ఈ సీటు చివరిదాకా వెనక్కి జరిపి ఉందేంటి? గుమ్మడికాయకి కాళ్ళు చాపుకోవాలనిపించిందా?"

"నీకు ఈమధ్య నోరు బాగా పెరిగింది."

"తలుపు సంచీలో కళ్ళజోడు కూడా మర్చిపోయింది పాపం, గుమ్మడికాయ."

"అది నాదే."

"నీకు ఇంకా సూదిలో దారం ఎక్కించే చూపు. పెట్టుకో, చూద్దాం. ఏదీ, ఈ నంబరెంత?"

"తీసెయ్, కళ్ళు తిరుగుతున్నాయి."

"అస్తమానం గేటు వైపు ఎందుకు చూస్తున్నావు?"

"ఎండ ఎక్కుతోందని."

"వదినా, నవ్వులాటకి ఒక హద్దుంది. నాకు ఒక్క మాట చెప్పు. ఆదివారం పందెం గెలవాలని ఉందా, లేదా?"

"ఎందుకు లేదు?"

"మొదట నేను ఈ బండి జోలికి రానన్నాను. గుర్తుందా? అన్నయ్య బండి. ఆయన బతికున్నన్నాళ్ళూ నన్ను తుడవనిచ్చాడు, గాలి కొట్టనిచ్చాడు, అంతేగానీ స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. ఇన్నేళ్ళ మెకానిక్కుని. అలాంటి బండికి చక్రాలు జరపాలంటే చెయ్యి రాలేదు."

"నన్ను మాత్రం ముట్టుకోనిచ్చాడా? ఆయన పోయాకే కదా నేర్చుకున్నా."

"అప్పుడు నువ్వేమన్నావు? మనవడికి ఆయన పేరు రావాలంటే మీ వియ్యపురాలి కంటే ముందు ఆ కొండెక్కాలన్నావు."

"అన్నాను."

"నేను చెప్పిన పేరంటే నేను చెప్పిన పేరని మీరిద్దరూ కొట్టుకుంటుంటే పిల్లలు విసిగిపోయి, ముందు మీరు తేల్చుకుని రండి అన్నారన్నావు. వాడికి పళ్ళు కూడా వస్తున్నాయి, ఇంకా ఒరేయ్ అంటేనే పలుకుతున్నాడన్నావు."

"ముద్దుగా పలుకుతాడు. ఊఁ అని."

"పాత బండ్ల వాళ్ళంతా ఆదివారం కొండెక్కుతున్నారు, మీలో ఎవరు తక్కువ టైములో ఎక్కితే వాళ్ళు చెప్పిన పేరు పెట్టాలని ఇద్దరూ చేతులు కలిపామన్నావు. ఆ మాట మీదే నేను ఒప్పుకున్నా. అన్నయ్య పేరు ఇంట్లో మళ్ళీ వినపడుతుందని. ఆవిడ చెప్పే పేరు పలకాలంటే ముందు నాలుక్కి నూనె రాసుకోవాలని నువ్వే—"

"ష్. మెల్లిగా."

"ఎందుకు మెల్లిగా? ఇక్కడెవరున్నారు?"

"ఎవరూ లేరు. అలవాటు."

"ఆవిడ బండి నేను చూశా. బీరువాకి చక్రాలు బిగించినట్టుంటుంది. దాని మీద నువ్వు కళ్ళు మూసుకుని గెలవచ్చు, పోయిన వారంలా మలుపులో బండి తోక తిప్పకుండా ఉంటే."

"అబ్బ, అది గుర్తు చెయ్యకు. వద్దులే, చెయ్యి. నీకు పూర్తిగా చెప్పనేలేదు. చింతపిక్కంత దూరంలో మలుపుంది, నేను కాలు తియ్యాలి కదా, తియ్యలేదు. ఎదురుగా కొండ ఉండాలి. లేదు. లోయ కనిపించింది. మళ్ళీ కొండ. మళ్ళీ లోయ. అరవాలి కదా మనిషన్నాక, నాకు నవ్వొస్తోంది మరిదీ. వెళ్ళి మట్టిదిబ్బ మీద వెనక్కి ఎక్కి కూర్చున్నా. ఇంజను ఆగింది. నవ్వు ఆగదే."

"నవ్వే సంగతా అది?"

"ఆయన పోయాక అంత నవ్వడం అదే మొదలు."

"అది సరే. దిబ్బ మీంచి బండి ఎలా దిగింది?"

"లాగారు."

"ఎవరు?"

"ఎవరో. దారిన పోయేవాళ్ళు. తాడు కట్టి."

"తెల్లారకుండా కొండ మీద తాడు పట్టుకు తిరిగేవాళ్ళెవరు?"

"మంచివాళ్ళు."

"ఏ బండితో లాగారు?"

"చక్రాలున్న బండితో."

"బీరువాలా ఉందా?"

"బండన్నాక ఎలాగో ఒకలా ఉంటుంది."

"వదినా."

"కొంచెం."

"అంటే, పందెం కట్టినావిడే నిన్ను లాగింది."

"ఆవిడా దారి అలవాటు చేసుకోవడానికే వచ్చింది, పాపం. దిబ్బ మీద ఒక్కదాన్నే నవ్వుతుంటే నాకు మతి పోయిందనుకుంది. మంచినీళ్ళు మొహాన కొట్టింది. అప్పుడు ఆవిడకీ నవ్వొచ్చింది. ఇద్దరం రోడ్డు పక్కన కూర్చుని ఒకటే నవ్వు. ఆవిడ నవ్వు ఎప్పుడైనా విన్నావా? స్టార్టు కాని మోపెడ్డులా ఉంటుంది."

"ఆ తర్వాత?"

"తర్వాత ఏముంది. మీ బండి తోక ఊపుతోంది వదినగారూ, వెనక చక్రాలు కాస్త ఎడంగా బిగించుకోండి, నిలబడుతుంది అంది."

"ఆవిడ అందా? ఆ ఆలోచన నీదన్నావే!"

"మంచి ఆలోచన ఎవరికొస్తే ఏం?"

"శత్రువు సలహా మీద నా చేత అన్నయ్య బండి ఊడదీయించావా?"

"శత్రువేంటి. వియ్యపురాలు."

"అదేగా నేనూ అంటున్నది. అయితే ఆ గుమ్మడికాయ..."

"రోజూ రాదు. మొన్న, నిన్న, ఇవాళ. అంతే. ఒక్కదాన్నే వెళ్తే పిల్లలు బెంగపడుతున్నారు."

"మలుపులన్నీ దగ్గర కూర్చోబెట్టుకుని చూపించావు. ఎక్కడ కాలెయ్యాలో, ఎక్కడ తియ్యాలో."

"ఆవిడే నాకు చూపించింది. చాలా బాగా చెబుతుంది. ఇప్పుడు తియ్యండి, ఇప్పుడెయ్యండి, ఇంకా, ఇంకా అని. నేను భయపడి కాలు తీస్తే తొడ మీద గిల్లుతుంది."

"మరి అన్నయ్య పేరు?"

"ముందు ఆ అంచు సంగతి చూడు."

"వదినా, పేరు ఏమైనట్టు?"

"అది చెప్పాలనే వచ్చా. చప్పుడు సంగతి పైపైన అన్నా. ముందు ఆ స్పానరు కింద పెట్టు."

"పెట్టా."

"ఆ రెండోది కూడా."

"పెట్టాను. కావాలని ఓడిపోతానని మాటిచ్చావా?"

"లేదు."

"ఆవిడ పేరే ఖాయం చేసుకున్నారా?"

"లేదన్నానుగా."

"పేరు పోయిందా, ఉందా? అది చెప్పు. నాకు ఇంకేం అక్కర్లేదు."

"పేరు పోలేదు."

"మరి ఏం పోయింది?"

"పోవడం అంటే... పోయిందని ఎందుకనుకోవాలి? ఇచ్చిపుచ్చుకోవడం అంటారు దాన్ని. ఒకటి మన దగ్గరకొచ్చింది, ఒకటి—"

"వదినగారూ, ఎండలో గోడ పక్కన నన్నింకా ఎంతసేపు నిలబెడతారండీ? నమస్కారం అన్నయ్యగారూ. గుమ్మడికాయని నేనే."

"అయ్యో, మీరు... రండి, లోపలికి రండి. అదీ... మీరు ఎప్పట్నుంచి ఉన్నారక్కడ?"

"బీరువా కంటే ముందు నుంచే. నా కళ్ళజోడు ఇటిస్తారా? దారి సరిగ్గా ఆనడం లేదు."

"ఇదిగోండి. ఏదో నోటికొచ్చింది అన్నాం, ఏమనుకోకండి. ఉండండి, కుర్చీ తుడుస్తా."

"కుర్చీ ఎందుకండీ, బండిలోనే కూర్చుంటా."

"అటు కాదండీ, ఇటు. అది నడిపేవాళ్ళ సీటు."

"మరిదీ, కూర్చోనీ."

"అదేంటి వదినా?"

"కూర్చోనీ అన్నానా. నువ్వు ఎడమ పక్క తలుపు తియ్యి, నేను ఎక్కుతా."

"మీరింకా చెప్పనేలేదా వదినగారూ? పందెం లేదండీ, ఆదివారం ఇద్దరం ఈ బండిలోనే ఎక్కుతున్నాం. పిల్లాడికి పేరు మీ అన్నయ్యగారిదే, స్టీరింగు నాది. ఇక మీరు కుడి పక్క అంచు ఎనభై తొమ్మిది కిలోలకి మడవండి. పెళ్ళప్పటి లెక్క కాదు, ఇవాళ్టిదే."