రెండు తోకల గుర్రం

నాణేల ప్రదర్శనలో అన్నిటికన్నా పెద్ద గుంపు ఒక చిల్లర నాణెం ముందు మూగింది. టంకశాలలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన పెద్దాయన మైకులో దాని గొప్పతనం చెప్పి కూర్చోగానే, ఒకప్పుడు ఆయన కింద అచ్చులు తయారుచేసిన మనిషి వచ్చి పక్కన నిలబడ్డాడు.

“బాగున్నారా సార్.”

“నువ్వా. ఇంకా ఉన్నావా?”

“మీ దయవల్ల. నాణెం మీది గుర్రానికి రెండు తోకలు ఎలా వచ్చాయో చెబుతుంటే విన్నాను.”

“చెప్పడానికేముంది. అచ్చు మీద బొమ్మ రెండుసార్లు నొక్కుతాం కదా. రెండోసారి వెంట్రుకవాసి కదిలింది. ఇక ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణేనికీ రెండు తోకలే. ఆ తప్పు వల్లే ఇప్పుడు వాటి కోసం సేకరించేవాళ్లు ఎగబడుతున్నారు.”

“ఎవరి చేతిలో కదిలింది సార్?”

“మన సెక్షన్‌లోనే.”

“మైకులో మీ చేతిలోనే అన్నారు. జనం చప్పట్లు కూడా కొట్టారు.”

“సెక్షన్ నాది కదరా. అందులో ఏం జరిగినా నాదే.”

“విచారణ రోజున ఈ మాట గుర్తు రాలేదు మీకు. మూడు నెలలు నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు. మా ఆవిడ ఇప్పటికీ నన్ను తోకాయన అనే పిలుస్తుంది.”

“పాత గొడవలు ఇప్పుడెందుకు? ఎవరు చేశారో ఎవడికి గుర్తుంటుంది?”

“సస్పెన్షన్ ఆర్డరుకి గుర్తుంది సార్. లామినేషన్ చేయించి తెచ్చాను.”

“ఏముంది అందులో?”

“‘ఈ తప్పు పూర్తిగా ఇతనొక్కడిదే, ఇంకెవరికీ ఏ సంబంధమూ లేదు’ అనుంది. కింద మీ సంతకం. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది, కాస్త మీ నోటితోనే చదివిపెట్టండి.”