ఎత్తుకపోలేదప్పా, ఎత్తుకున్నా

"ఆ సినిమాలో రాక్షసుడి వేషం నేనేసిందే. నమ్మితే నమ్మండప్పా, లేకుంటే టీ తాగి పోండి," అన్నాడు ఓబళప్ప, ఎదురు బెంచీ మీద కూర్చున్న అమ్మాయిని చూస్తూ.

ఆ అమ్మాయి పేరు కిరణ్మయి. బెంగళూరు మడివాళలో ఒక పీజీ హాస్టల్లో ఉంటుంది. ఓబళప్ప పెంచిన అన్న కూతురు అనిత, ఇల్లు వదిలిపోయి ఇప్పుడు ఆమె గదిలోనే ఉంటోంది. తను రాకుండా, తన ట్రంకు పెట్టె తెమ్మని ఈమెను పంపింది. పెట్టె మేడ మీది గదిలో ఉంది, గది తాళంచెవి ఓబళప్ప మొలతాడుకుంది, ఓబళప్పేమో ఆ గది కిందే, నగర్తపేటలో పెద్దక్క టీ అంగట్లో కూర్చుని నోరు తెరిచాడు. ఆ నోరు మూతపడేదాకా ఆ తాళం తెరుచుకోదని నాకూ, తోపుడు బండి గంగప్పకూ బాగా తెలుసు.

"బాబాయ్, ఆ పెట్టె ఇచ్చేస్తే..."

"ఇస్తానమ్మా, పెట్టె యాడికి పోతాది? ఇను. చిక్కపేటలో మూటలు మోసేవాణ్ణి గదా నేను, జానపదం సినిమా తీసేవాళ్ళకి నల్లగుడ్డ కావాల్నంటే మూట నెత్తిన పెట్టుకోని పొయినా, అంతే, ఇంకేం లేదు. ఆడ చూస్తే రాక్షసుడి వేషం ఆయప్ప ఎండకి కండ్లు తిరిగి పడిపొయినాడు. డైరెక్టరు నెత్తి కొట్టుకుంటా నా దిక్కు చూసినాడు. 'వీడే!' అన్యాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నవ్వమన్యాడు. సుమ్మనే, ఊరికే రొంత నవ్వినా. కెమెరా అద్దం టప్‌మని పగిలింది. చిక్కపేట పావురాలన్నీ లేచిపోయి మైసూరులో వాలినాయి."

"మళ్ళీ రాలేదా?" అంది పెద్దక్క గ్లాసులు కడుగుతూ.

"ఎట్ల వస్తాయక్కా, భయం గదా! ఇంక కోట. అట్టముక్కల కోట కట్టింటిరి. నేను ఆనుకుంటే పడిపాయ. రాక్షసుడికి అట్టల కోటా అని నాకు రోషమొచ్చి, నంది కొండకి పోయి బండలు నెత్తిన పెట్టుకోని వచ్చి పేర్చినా. ఏడు సముద్రాలు కావాలన్యారు. నీళ్ళేవి? ఈ బెంగళూరు చెరువులన్నీ యాడికి పొయినాయనుకుంటాండారు? ఇండ్లు కట్టేవాళ్ళు పూడ్చినారంటారు, పాపం వాళ్ళననొద్దు. నేనే కడవల్తో మోసి ఆడ పోసినా."

"మరి తిరిగి తెచ్చి పొయ్యకూడదా అప్పా? ట్యాంకరు కోసం చస్తాండాము," అన్నాడు గంగప్ప.

"నడుము పట్టేసింది, లేకుంటే తెచ్చేవాణ్ణే."

మేము నవ్వాం. కిరణ్మయి కూడా కొంచెం నవ్వింది. తర్వాత ఫోనులో టైము చూసుకుంది. అది చూసి ఓబళప్ప గొంతు పెంచాడు.

"ఇప్పుడొస్తాది అసలుది. రాజకుమారి! సినిమాలో ఏం చూపిచ్చినారు? రాక్షసుడు రాజకుమారిని ఎత్తుకపోయినాడని. పచ్చి అబద్ధం. ఎత్తుకపోలేదప్పా, ఎత్తుకున్నా. రాజూ రాణీ ఒకే లారీ కింద పడి పొయినారు..."

"జానపదంలో లారీ యాడిది?" అనేసి గంగప్ప నాలిక కరుచుకున్నాడు. ఓబళప్ప అన్నా వదినా ఎలా పోయారో ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు.

"రథం. రథమన్యా. బిడ్డ ఏడుస్తాంటే ఎవరెత్తుకోవాల? రాకుమారుడా? వాడికి అప్పటికి నడకే రాలే. ఎడమ భుజాన బిడ్డ, నెత్తిన మూట. ఒక మూటనా? చిక్కపేట మొత్తం నెత్తినే ఉండాది. అయినా బిడ్డ నిద్ర లేవలే. అట్ల నడిచినా నేను!"

"మరి బిడ్డని లోపల పెట్టి తాళమెందుకేస్తివి ఓబళప్పా?" పెద్దక్క నెమ్మదిగా అడిగింది.

"బయట పులులక్కా! పాములు! రాజకుమారి ఉద్యోగం చేస్తానంటాది, పొద్దుపోయినాక బస్సులో వస్తానంటాది. బస్సు రొంత ఆలస్యమైతే రాక్షసుడి గుండె ఎట్ల కొట్టుకుంటాదో ఎవురన్నా సినిమాలో చూపిచ్చినారా? తాళమేసినా. రాకుమారుడొచ్చినాడు, కత్తితో నా తల నరికినాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిందపడిన తల నేనే ఎత్తి పెట్టుకున్నా, బరువులెత్తేది నాకు అలవాటే గదా. మళ్ళీ నరికినాడు, మళ్ళీ పెట్టుకున్నా. 'చావు ఓబళప్పా, ఫిల్మంతా అయిపోతాంది' అని డైరెక్టరు ఏడ్చినాడు. యాడ చస్తా? నా ప్రాణం చిలకలో ఉండాది. ఆ చిలకని నేనే ఆ బిడ్డ చేతిలో పెట్టింటి, ఆడుకోవే అని. అది తీసుకోనే పొయ్యింది. గొంతు పిసికితే పోతా. నాలుగు గింజలేస్తే బతుకుతా. రెండూ చెయ్యదు. ఫోనెత్తదు."

సినిమాలోకి ఫోనెట్లా వచ్చిందని ఈసారి గంగప్ప అడగలేదు.

"బాబాయ్, నిజంగా ఆలస్యమవుతోంది. నాకు షిఫ్టు ఉంది."

"ఒక్క మాట, ఇది ఇని పో. పొయ్యేటప్పుడు రాజకుమారి ఏమనిందో తెలుసా? డైరెక్టరు శాపనార్థాలు రాసిచ్చినాడు. ఒక్కటీ చెప్పలే. గడప కాడ నిలబడి నా మొగం చూసి 'సాకు చిన్నాయనా, సాకు' అనింది. ఇన్యారా? సాకు! ఇంకా పెంచు, వదలొద్దు అని! సాకినోడికే ఆ మాట ఇలువ తెలుస్తాది. సినిమావాళ్ళు దాన్ని కత్తిరించి పారేసినారు. అదుంటే నేను రాక్షసుణ్ణెట్లయితా? ఆ మాట పట్టుకోనే ఉండాను నేను. సాకమనిన బిడ్డ రాకుండా యాడికి పోతాదమ్మా?"

కిరణ్మయి గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"నేను ఈ ఊరు కొత్తగా వచ్చినప్పుడు నాకు కన్నడం ఒక్క ముక్క రాదు బాబాయ్. పీజీలో అన్నం వడ్డిస్తూనే ఉంటారు, ఆపమనడం చేతకాక ప్లేటు నిండిపోయేది. అనితే నేర్పింది. చెయ్యి అడ్డంపెట్టి 'సాకు' అనమంది. నాకొచ్చిన మొదటి కన్నడం మాట అదే." ఆ పిల్ల గొంతు తగ్గింది. "ఇక చాలు అనే కదా బాబాయ్. మీరు పుట్టి పెరిగిందే ఈ ఊళ్ళో. మీకు తెలీదా?"

ఓబళప్ప నోరు తెరిచాడు. ఏ కొండో, ఏ సముద్రమో వస్తుందని మేం ఎదురుచూశాం. అబద్ధమైనా సరే, ఏదో ఒకటి వస్తే బాగుండునని నాకు అనిపించింది. ఏమీ రాలేదు.

అతను మొలతాడుకున్న తాళంచెవి విప్పాడు. "నువ్వు మొయ్యొద్దులే అమ్మా, నేను తెస్తా," అని మెట్లెక్కాడు. తాళం తీసిన చప్పుడు వినబడింది. ఎంతసేపటికీ దిగలేదు.

మేం పైకి వెళ్ళి చూశాం. ఆడపిల్ల బట్టలు పట్టే చిన్న పెట్టె, కిరణ్మయి ఒంటిచేత్తో తీసుకుపోగలదు. ఓబళప్ప తువ్వాలు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, పెట్టె ముందు వంగి, రెండు చేతులూ దాని మీద వేసి ఉన్నాడు.

"గంగప్పా, రొంత చెయ్యి వెయ్యప్పా," అన్నాడు తలెత్తకుండా. "నెత్తి మీదికి ఎత్తు. నాతో కావడం లేదు."