నలభై ఒకటో పేజీ

ఆమె పుస్తకాలు కుట్టే గదిలో సూదికి దారం ఎక్కిస్తూ ఉండగా, తను కుడుతున్న పుస్తకం రాసిన బోధకుడే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. భర్త పోయిన రోజు తర్వాత, ఈ ఏడాదిగా ఆమె ఆ బోధకుడి మొహం చూడలేదు.

“నలభై ఒకటో పేజీ కోసి తీసెయ్యాలమ్మా. అన్ని కాపీల్లోనూ.”

“వెయ్యి కుట్టేశానండీ! అంత కానిది ఏముంది అందులో?”

“దేవుడి మీద నమ్మకం లేకుండా చనిపోయినవాళ్ళకి ఆయన దగ్గర చోటు లేదని రాశాను. మీ ఆయన పోయినరోజు మీ మొహం మీదే అన్నాను.”

“మరిచిపోతానా? నెల్లాళ్ళు అన్నం సయించలేదు.”

“చూసొచ్చినట్టు చెప్పాను. నేనెక్కడ చూశాను?”

ఆమె సూది పక్కన పెట్టింది. “అయితే మా ఆయనకి చోటున్నట్టేనా?”

“అదీ తెలియదమ్మా. ఉందంటే మళ్ళీ చూసొచ్చినట్టే అవుతుంది.”

ఆమె కత్తి చేతిలోకి తీసుకుని, కుట్టిన కాపీ ఒకటి తెరిచింది. “ఒక కాగితం కోస్తే మడతకి అవతల ఉన్న దాని జత కాగితమూ ఊడొస్తుందండీ. దాని మీద మీ ఫొటో ఉంది, కింద ‘సర్వజ్ఞులు’ అని.”

“పీడా పోయింది. ముందు దాన్నే తియ్యండి.”

ఆమెకు నవ్వొచ్చింది. “మీవాళ్ళు ఊరుకుంటారా?”

“ఊరుకోరు. వేదిక దిగమంటారు. దిగుతాను.”

“దేవుడి సంగతి అడిగితే మా ఆయనా ఇదే మాట అనేవారు, తెలియదని. అంత పెద్ద మాట మీ నోట వింటాననుకోలేదు.”

ఆయన తల వంచుకున్నాడు. తర్వాత పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

“ఇంకో కత్తి ఉంటే ఇలా ఇవ్వండమ్మా.”