గవర్రాజు సానబట్టని గొలుసు

అయ్యయ్యో, ఆ స్క్రూలన్నీ ఒక్క గిన్నెలనే ఏస్తున్నవేంది రాజ్‌కుమారూ? మళ్ల బిగించేటప్పుడు ఏది యాడిదో ఎట్ల తెలుస్తదిరా అల్లుడా? ఫోన్ల చూసి నేర్సుకున్ననంటవా, సరే కానియ్. కొంట టౌన్ల పాత ఇనుము అమ్మే కబాడీల తుప్పు మిషన్ రంపం కొనుక్కొచ్చి మేనమామ అరుగు మీద విప్పినవ్, నాకూ పొద్దు పోతది. కని గవర్రాజు ఉంటే నీ చేతి మీద ఒక్కటేసెటోడు. ఆయన అట్టముక్క మీద రంపం బొమ్మ గీసి, ఏ స్క్రూ యాడికెళ్లి ఊడితే బొమ్మల ఆడనే పొక్క పొడిచి గుచ్చెటోడు. నెల తర్వాత చూసినా తప్పు పోదు.

గవర్రాజు ఎవరా? నువ్వప్పుడు జగదల్‌పూర్ల సదువుతున్నవ్. పన్నెండేండ్ల కిందటి ముచ్చట. ఇగో, ఈ ఎనక పోర్షన్ల కిరాయికున్నడు. శ్రీకాకుళం దిక్కు మనిషి, బచేలి గనుల వర్క్‌షాపుల చేసి చేసి రిటైరైండు. నాకు ఆడనే అనుమానమొచ్చింది. రిటైరైనోడు సొంతూరు పోతడు, పోకుంటే పిల్లల కాడికి పోతడు. మన ఊరు ఎర్రబోరుకెందుకొస్తడు? అడిగితే ఏమన్నడో తెల్సా? “ఊళ్లో ఈ సప్పుడు పడనివ్వరు బావూ, ఇక్కడైతే లారీల సప్పుడులో కలిసిపోద్ది” అన్నడు. సప్పుడు దాచుకునేటోడు మంచోడైతడా, నువ్వే చెప్పు! ఇల్లంత పాత రంపాలు. పదకొండు. నేనే లెక్కబెట్టిన, కిటికీలకెళ్లి. చెట్లు కోసే మిషన్లు ఒక్క మనిషికి పదకొండెందుకు? కలప దొంగలకు కిరాయికిస్తడేమోనని నా మనసుల పురుగు. బండి మీద ఎవడొచ్చినా నెంబరు రాసిపెట్టుకున్న. తీరా చూస్తె వచ్చింది గ్యాసు పొయ్యి బాగుచేసెటోడు.

అమ్మెటోడు గాదు, ఇచ్చెటోడు గాదు. పాడైనదాన్ని బతికించుడే ఆయన సరదా. కార్బురేటరు విప్పి పండ్లు తోమే బ్రష్షుతోటి కడిగెటోడు. ఆయన భార్య అప్పలనరసమ్మ “కూరంతా పెట్రోలు కంపేనండీ, ఈ రంపాల్నే పెళ్లి సేసుకోపోయారా” అని మొత్తుకునేది. మద్దెన్నం సరిగ్గ ఒంటిగంటకు తయారైన రంపాన్ని తాడు గుంజి స్టార్ట్ చేసెటోడు, ఎండిన మొద్దు మీద రెండు కోతలు కోసెటోడు. రోజూ అదే టైము. ఊరు ఊరంత ఆ సప్పుడుకు అలవాటు పడ్డది. ముసలోళ్లు “గవర్రాజు మోగిండు, అన్నం పెట్టు” అనెటోళ్లు.

ఆ... నాకొకటి ఇచ్చిండు. ఇచ్చెటోడు గాదంటివి గదా అంటవా? నాకొక్కనికే ఇచ్చిండు, అదీ నాకు అనుమానమే. ఊరికే ఎందుకిస్తడు? నేను గోనెసంచిల సుట్టి వడ్ల గుమ్మి ఎనక పెట్టిన. మీ అత్తకు దప్ప ఎవరికీ తెల్వదు. తెలిస్తే ఊరంత బదులడుగుతరు. ఇచ్చిననాడు ఆయన కూసోబెట్టి చెప్పిండు, “బావూ, గొలుసుకి రెండు పక్కలా పళ్లుంటాయి. ఆకురాయి ఇటు అయిదుసార్లు పడితే అటూ అయిదే. మన సెయ్యి వాటం ఒక పక్కకే మంచిది, రెండో పక్క బద్ధకిస్తాది. అప్పుడు రంపం వంకర పోతాది, మన మాట ఇనదు” అని. నేను మిడిల్ స్కూల్ సదివిన మనిషిని, నాకు చెప్తడు!

మన ఊరి ముయె లేదూ, ఇప్పపువ్వు ఏరుకొని బతికేటామె, నా మిరపచేను గట్టు మీద ఆమెవాళ్ల ఇప్పచెట్టు. గట్టు నాది, చెట్టు ఆమెది. మన దిక్కు అంతే గదా, ప్రతి ఇప్పచెట్టుకు ఒక ఇల్లుంటది, భూమి ఎవనిదైనా సరే. ఆమె అత్త ఏరింది, ఆమె ఏరుతది. ఒక కొమ్మ కిందికే ఒంగి నా మిరప మీద నీడ ఏస్తుంటది. అడిగితే ముయె, “అన్నా, కొమ్మ నరికితే సగం పువ్వు పోతది. నా పిల్లల తిండి అదే” అన్నది. నేను సరేనన్న. అన్న గని... సంత రోజు, ముసలోళ్లు దప్ప అందరు సంతకు పోయిన్రు. గొలుసుకు నేనే ఆకురాయి పట్టిన. ఒక పక్క మంచిగ పట్టిన. రెండోపక్కకు చెయ్యి వాటం గాలే, ఏదో అట్లట్ల రాకి లేచిన. ఒంటిగంటకు పోయిన. సప్పుడైతే గవర్రాజే అనుకుంటరు గదా. ఒక్క కొమ్మ, అంతే నా ఉద్దేశం. రంపం నా మాట ఇంటేగా! కొమ్మను అడ్డంగ కొయ్యమంటే వంకర తిరిగి బోదెలకు పోయింది. చెట్టు పటేలుమని నిలువున చీలింది. సగం చెట్టు మిరపచేన్ల పడ్డది.

పొద్దుగూకకముందే ఊరు జమైంది. ముయె ఏడ్వలే. ఆ చీలిక మీద చెయ్యి పెట్టి నిలవడ్డది, అంతే. మాడ అని ఊరి పెద్దమనిషి, “ఎవరు?” అన్నడు. అప్పుడు ముందుగాల నోరిప్పింది ఎవరనుకున్నవ్? నేనే. “ఊళ్లె రంపాలు ఎవరింట్ల ఉన్నయ్? ఒంటిగంటకు ఎవరు మోగుతరు?” అన్న. అందరు గవర్రాజు దిక్కు తిరిగిన్రు. ఆయన మెల్లగ పోయి, కోతకాడ కూసుండి, ఆ వంకర మీద ఏలు పెట్టి ఈ చివరినుంచి ఆ చివరిదాంక రాసి చూసిండు. డాక్టరు నాడి చూసినట్టు. తర్వాత తలెత్తి నన్ను చూసిండు. ఒక్కసారే. “రంపం నాదేనండి” అన్నడు. “తప్పుకి ఏం కట్టమంటే అది కడతాను.”

తప్పు కింద ఊరికి ఒక పందిని ఇచ్చిండు, సారా పోయించిండు. ముయె ఇంటికి పోయి చేతులు జోడించిండు, ఆమె తలుపేసుకున్నది. వానలు పడకముందే లారీ మాట్లాడుకొని పోయిండు. పోయేటప్పుడు కూడ నాతోటి ఆ ముచ్చట ఎత్తలే. “ఉంటాను బావూ” అన్నడు, అంతే. నాలుగేండ్ల కింద చచ్చిపోయిండని బచేలి డ్రైవరొకడు చెప్పిండు.

ఇప్పటికీ నాకు అనుమానమే, అల్లుడా. ఎందుకు మీదేసుకున్నట్టు? ఏదో లాభం సూసుకోకుండ ఎవడన్న తప్పు మీదేసుకుంటడా? కిరాయి కోసమా అంటే ఇల్లే ఖాళీ చేసిండు. నన్ను గుప్పిట్ల పెట్టుకుందామనా అంటే ఒక్క ఉత్తరం ముక్క రాయలే. పన్నెండేండ్లు ఆలోచించిన, ఆయన కుట్ర ఏందో అంతు చిక్కలే.

ముయెనా? ఉన్నది, గట్టిగనే ఉన్నది. మిగిలిన సగం చెట్టు కిందనే ఏరుతది. ఏటేటా మొదటి గంప ఎండుపువ్వు నాకే తెచ్చిస్తది, ఆనాడు నా తరఫున మాట్లాడినోనివి నువ్వొక్కనివే అన్నా అని. అరుగు మీద కూసుండి గవర్రాజును తిడ్తది, ఆ రంపపోని చేతులు ఇరిగిపోను అంటది. నేను అవునవునంట. ఏమనాలె మరి?

ముయెకు నిజం చెప్పుడా? ఇప్పుడేం చెప్పుడు, ఆయనే లేకపాయె... నువ్వట్ల సూడకు. రంపం ముచ్చట అడుక్కుంట అడుక్కుంట ఈడిదాంక గుంజుకొచ్చినవ్ నన్ను. నిజం చెప్పు రాజ్‌కుమారూ, నిన్ను ముయె పంపిందా?